ఒకటో తారీఖు తర్వాత...

మేధో వైకల్యం, ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ ఉన్నవారికి ప్రభుత్వాలు పింఛను ఇస్తున్నాయి. పగలు గడిపే చోటు, చేయి పట్టి నేర్పే మనిషి మాత్రం ఇంటి దగ్గర్లో లేరు. చట్టం ఇమ్మన్నది డబ్బు ఒక్కటే కాదు.

నెల మొదటి తేదీ పొద్దున్నే సచివాలయ ఉద్యోగి ఇంటి ముందు ఆగుతాడు. పింఛను చేతిలో పెట్టి పక్క వీధికి వెళ్లిపోతాడు. ఆంధ్రప్రదేశ్‌లో దివ్యాంగులకు నెలకు 3,000 రూపాయలుగా ఉన్న ఈ మొత్తం 2024 జులై నుంచి 6,000 అయింది. పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైన వారికి 15,000 ఇస్తున్నారు. తెలంగాణలో 2023 జులైలో 3,016 నుంచి 4,016కు పెంచారు. ఇది చిన్న సాయమేమీ కాదు, తక్కువ చేసి మాట్లాడటానికి లేదు. అయితే పాతికేళ్ల కొడుకుకు మేధో వైకల్యమో, ముప్పై ఏళ్ల కూతురికి ఆటిజమో ఉన్న ఇంట్లో చిక్కు రెండో తారీఖు పొద్దున మొదలవుతుంది. ఆ మనిషిని ఒంటరిగా వదిలి వెళ్లలేరు, వెంటబెట్టుకుని కూలికి పోలేరు. ఎక్కడికైనా పంపుదామంటే పగటిపూట ఉండటానికి ఊళ్లో ఒక చోటంటూ లేదు. అందుకే తల్లిదండ్రులిద్దరిలో ఒకరు, చాలాసార్లు తల్లి, పని మానేసి ఇంటి పట్టున ఉండిపోతుంది. ఒక చేత్తో పింఛను వస్తుంది, ఇంకో చేత్తో ఒక మనిషి సంపాదన పోతుంది. మన ప్రభుత్వాలకు డబ్బు పంచడం బాగా వచ్చింది. సేవ అందించడం ఇంకా రాలేదు. ఇంటికి దగ్గర్లో, బతికినన్నాళ్లూ అందే సేవ లేనంత వరకు ఎదుగుదల లోపాలున్నవారి హక్కులన్నీ కాగితం మీదే ఉంటాయి.

ఇక్కడ ఎవరి గురించి మాట్లాడుతున్నామో ముందు తేల్చుకోవాలి. మేధో వైకల్యం, ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, డౌన్ సిండ్రోమ్ వంటివి పుట్టుకతోనో పసితనంలోనో మొదలై జీవితాంతం తోడుండేవి. వీటిని మానసిక జబ్బులతో కలిపి చూడటం మనలో చాలామంది చేసే పొరపాటు. జబ్బుకు చాలావరకు మందు ఉంటుంది, కోర్సు ఉంటుంది, తగ్గే రోజు ఉంటుంది. ఎదుగుదల లోపానికి అలాంటి గడువు లేదు. నయం చేస్తామంటూ పసర్లు పోసేవారి దగ్గర నుంచి మూలకణాల ఇంజెక్షన్లు అమ్మేవారి దాకా ఎందరో ఈ తల్లిదండ్రుల జేబులు ఖాళీ చేయగలుగుతున్నారంటే కారణం ఈ తేడా తెలియకపోవడమే. నిజానికి వీళ్లకు కావాల్సింది నేర్పే ఓపిక, రోజూ కొద్దికొద్దిగా చేయించే అభ్యాసం, వయసుతోపాటు మారే ఆసరా. మూడేళ్లప్పుడు మాట నేర్పేవాళ్లు కావాలి, పదేళ్లప్పుడు బడి కావాలి, పాతికేళ్లప్పుడు పని కావాలి, యాభై ఏళ్లప్పుడు చూసుకునే దిక్కు కావాలి. ఆసరా మొత్తం జీవితకాలానికి సంబంధించింది కాబట్టే అది దగ్గర్లో ఉండి తీరాలి. ఎప్పుడో ఒకసారి చేసే ఆపరేషన్ కోసం హైదరాబాదో విశాఖపట్నమో వెళ్లొచ్చు. రోజూ జరగాల్సిన దాని కోసం ఎవరూ అంతదూరం వెళ్లలేరు.

మండలానికి ఎంతమంది?

ఇలాంటివాళ్లు ఊరికి ఒకరో ఇద్దరో ఉంటారు, వాళ్ల కోసం ప్రత్యేకంగా ఏర్పాట్లు ఎలా చేస్తామన్నది అధికారుల నోట తరచూ వినిపించే మాట. లెక్క చూద్దాం. 2011 జనగణన ప్రకారం దేశంలో 2.68 కోట్ల మంది వికలాంగులున్నారు. వారిలో మేధో వైకల్యం ఉన్నవారు సుమారు 15 లక్షలు. అంటే జనాభాలో వెయ్యికి ఒకరికి పైనే. యాభై వేల జనాభా ఉన్న మండలానికి ఈ లెక్కన అరవై మంది తేలతారు. ఆ జనగణనలో ఆటిజానికి విడిగా గడే లేదు. సెరిబ్రల్ పాల్సీ ఉన్నవారు నడకకు సంబంధించిన లోపాల కిందికో బహుళ వైకల్యాల కిందికో వెళ్లారు. ఇంట్లో మందకొడి బిడ్డ ఉన్నాడని గుమ్మంలో నిలబడ్డ ఎన్యూమరేటరుకు చెప్పుకోని కుటుంబాలు సరేసరి. అందువల్ల అరవై అనేది కనీస సంఖ్య.

అసలు సంఖ్య ఇంకెంత పెద్దదో 2018లో వెలువడ్డ ఒక పరిశోధన చూపించింది. హైదరాబాద్, పల్వల్, కాంగ్రా, ఢెంకనాల్, ఉత్తర గోవా ప్రాంతాల్లో రెండు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలను ఇంటింటికీ వెళ్లి పరీక్షించారు. ప్రతి ఎనిమిది మందిలో దాదాపు ఒకరికి నాడీ ఎదుగుదలకు సంబంధించిన ఏదో ఒక సమస్య ఉన్నట్టు తేలింది. అందులో వినికిడి లోపం, మూర్ఛ, చదువులో వెనకబాటు వంటివీ కలిసే ఉన్నాయి కాబట్టి ఆ సంఖ్య మొత్తాన్ని తీవ్ర వైకల్యంగా చూడకూడదు. కానీ తలుపు తట్టి వెతికితే దొరికేవాళ్లకూ, తమంతట తాము వచ్చి పేరు రాయించుకునేవాళ్లకూ మధ్య అగాధం ఉందన్నది స్పష్టం. ‘మా మండలంలో అలాంటివాళ్లు లేరు’ అనే జవాబు వినిపించిందంటే అక్కడ ఎవరూ వెతకలేదని అర్థం.

చట్టం ఏమంటోంది?

చట్టాల విషయంలో మనకు లోటు లేదు. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారి కోసమే 1999లో నేషనల్ ట్రస్ట్ చట్టం వచ్చింది. తమ తర్వాత బిడ్డల గతేమిటని తల్లిదండ్రులు ఏళ్ల తరబడి అడిగిన ప్రశ్నకు పార్లమెంటు ఇచ్చిన జవాబది. ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒడంబడికను భారత్ 2007లో ఆమోదించింది. దానికి అనుగుణంగా 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. పాత చట్టంలో ఏడుగా ఉన్న వైకల్యాల జాబితా ఇరవై ఒకటికి పెరిగింది. ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్‌లో మేధో వైకల్యం, ఆటిజం వంటి వర్గాలకూ వాటా దక్కింది. అన్నిటికంటే ముఖ్యమైనది, ఎక్కువమంది పట్టించుకోనిది ఐదో సెక్షన్. వికలాంగులకు అందరితో కలిసి సమాజంలో బతికే హక్కు ఉందనీ, ఫలానా చోటే ఉండాలని వారిని బలవంతపెట్టకుండా చూడాలనీ, ఇంటి వద్ద అందే సాయంతో సహా రకరకాల సేవలు అందుబాటులోకి తేవాలనీ అది ప్రభుత్వానికి చెబుతోంది. పింఛనుకు సంబంధించిన సామాజిక భద్రత 24వ సెక్షన్‌లో ఉంది. ఈ రెంటిలో మన ప్రభుత్వాలు ఇరవై నాలుగును పట్టుకుని ఐదును వదిలేశాయి.

ఈ బాధ్యత ఎవరిదన్న విషయంలోనూ రాజ్యాంగం మౌనంగా లేదు. 73వ సవరణతో చేరిన పదకొండో షెడ్యూలు పంచాయతీలకు అప్పగించదగిన 29 అంశాలను పేర్కొంటుంది. అందులో 26వది వికలాంగులు, మేధో వైకల్యం ఉన్నవారి సంక్షేమంతో కూడిన సాంఘిక సంక్షేమం. పట్టణాలకు సంబంధించిన పన్నెండో షెడ్యూలులోనూ ఇలాంటి అంశమే ఉంది. 1993 నుంచి అమల్లో ఉన్న ఈ నిబంధన ప్రకారం మురుగుకాల్వ, వీధిదీపంతోపాటు ఈ మనుషుల బాగోగులూ సర్పంచి, మున్సిపల్ ఛైర్మన్ల పట్టికలో ఉండాల్సినవే.

మెడ నిలవని బిడ్డకు ఆరు నెలలు

దగ్గరితనం ఎందుకంత ముఖ్యమో సెరిబ్రల్ పాల్సీ ఉదాహరణ తీసుకుంటే తెలుస్తుంది. పుట్టగానే ఏడవని బిడ్డ. మూడు నాలుగు నెలలకు మెడ నిలవాలి, నిలవలేదు. ఎత్తుకుంటే కాళ్లు కత్తెరలా ఒకదానిమీదొకటి బిగుసుకుంటున్నాయి. ‘కొందరికి ఆలస్యంగా వస్తుందిలే’ అని పెద్దవాళ్లు సర్దిచెబుతారు. ఆ మాట నమ్మి ఏడాది గడిపేస్తే కండరాలు కుంచించుకుపోతాయి, తుంటి కీలు పక్కకు జరిగే ప్రమాదం పెరుగుతుంది. ఇదే బిడ్డను ఆరు నెలలకే ఆశా కార్యకర్తో అంగన్‌వాడీ టీచరో గుర్తిస్తే చేయాల్సిన పనులు తల్లి రోజూ చేయగలిగినవే. నూనె రాసేటప్పుడు కాళ్లను నెమ్మదిగా విడదీసి సాగదీయడం, బోర్లా పడుకోబెట్టి ఎదుట గిలక ఆడించి తల ఎత్తించడం, పాలు పట్టేటప్పుడు తల వెనక్కి వాలకుండా పట్టుకోవడం. గోడ మూలకు అమరేలా, ముందు బల్ల ఉండేలా కూర్చోబెట్టే కుర్చీని కొలతలిస్తే ఊరి వడ్రంగే చేసిపెడతాడు. ఇందులో పెద్ద యంత్రం ఏదీ లేదు. ఒకసారి సరిగ్గా చూపించే మనిషి, వారం వారం వచ్చి సరిచేసే మనిషి ఉంటే చాలు.

కాగితం మీద ఆ మనిషి ఉన్నాడు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద సంచార బృందాలు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, బడులకు ఒకసారి వెళ్లి పిల్లలను పరీక్షించాలి. లోపం కనిపిస్తే జిల్లా సత్వర చికిత్స కేంద్రానికి పంపాలి. గుర్తించే పని ఊళ్లో, చికిత్స జిల్లా కేంద్రంలో. మధ్యలో వంద కిలోమీటర్లు, రెండు బస్సులు, ఒక రోజు కూలి. రిఫరల్ చీటీ రాయడం దగ్గరే చాలా కథలు ఆగిపోతాయి. సికింద్రాబాద్ బోయిన్‌పల్లిలోని మనోవికాస్ నగర్‌లో 1984 నుంచి ఉన్న జాతీయ సంస్థ, ఇప్పుడు ఎన్ఐఈపీఐడీగా పిలుస్తున్నది, మేధో వైకల్యంపై దేశం మొత్తానికి పాఠాలు తయారుచేస్తుంది. ఆటిజం తీవ్రతను కొలిచే భారతీయ ప్రమాణం తయారైంది అక్కడే. దేశానికి దారి చూపే సంస్థ మన నడుమే ఉంది. అయినా ఆసిఫాబాద్ తల్లికో పాడేరు తల్లికో ఆ పాఠంలో ఒక్క పేజీ కూడా ఇంటి దాకా రావడం లేదు. జ్ఞానం రాజధానిలో పేరుకుంది, పంపిణీ చేసే కాల్వలు తవ్వలేదు.

భవిత ఉంది, ఆ తర్వాతే లేదు

కాల్వలకు దగ్గరగా వచ్చిన ప్రయత్నం ఒకటుంది. సమగ్ర శిక్ష కింద రెండు రాష్ట్రాల్లోనూ మండల స్థాయిలో నడుస్తున్న భవిత కేంద్రాలు. ప్రత్యేక శిక్షణ పొందిన టీచర్లు ఉంటారు, ఫిజియోథెరపిస్టు నిర్ణీత రోజుల్లో వస్తారు, కేంద్రానికి రాలేని పిల్లల ఇళ్లకు టీచరే వెళ్తారు. తోడు వచ్చే తల్లికి కొద్దిపాటి ఎస్కార్ట్ భత్యం ఉంటుంది. అక్కడ చొక్కా వేసుకోవడం ఎలా నేర్పుతారో గమనిస్తే ఈ పనిలోని నైపుణ్యం అర్థమవుతుంది. చొక్కా తొడుక్కోవడం మనకు ఒకే పని. టీచరుకు అది పది పన్నెండు మెట్లు: కాలర్ పట్టుకోవడం, ఒక చేయి దూర్చడం, వెనక నుంచి తిప్పడం, రెండో చేయి, అంచులు కలపడం, ఒక్కో గుండీ. చివరి గుండీ తప్ప అన్నీ టీచరే పెడతారు. ఆ ఒక్క గుండీ పిల్లవాడు పెడతాడు, పని పూర్తిచేసిన తృప్తి వాడిదవుతుంది. అది వచ్చాక చివరి రెండు, ఆ తర్వాత మూడు. ఇలా వెనక నుంచి ముందుకు నడిస్తే కొన్ని నెలలకు చొక్కా మొత్తం వాడిదే. రోజూ చేస్తేనే వచ్చే విద్య ఇది. ఇంటికి దగ్గర్లో కేంద్రం ఉంటేనే రోజూ చేయగలరు.

ఈ టీచర్లలో ఎక్కువమంది కాంట్రాక్టు పద్ధతిలో ఏళ్లకేళ్లు పనిచేస్తున్నవారు. ప్రత్యేక అవసరాలున్న పిల్లలు ప్రాథమిక స్థాయిలో పదిమందికి, ఆపై తరగతుల్లో పదిహేను మందికి ఒక ప్రత్యేక టీచరు ఉండాలని 2021లో సుప్రీంకోర్టు ఒక కేసులో ప్రమాణం పెట్టింది. ఒకరిద్దరు టీచర్లు మండలం మొత్తాన్ని చూసుకునే ఏర్పాటుకూ ఆ ప్రమాణానికీ పొంతన లేదు. అయినా భవిత కేంద్రాలున్న చోట పిల్లలకు ఒక గుమ్మమంటూ ఉంది. ఆ గుమ్మం పద్దెనిమిదేళ్లకు మూసుకుంటుంది. చట్టం ఉచిత విద్యకు ఇచ్చిన హామీ ఆరు నుంచి పద్దెనిమిదేళ్ల వరకే. విద్యాశాఖ తన పని అయిపోయిందంటుంది. సంక్షేమశాఖ దగ్గర పింఛను తప్ప ఇవ్వడానికి వేరే ఏమీ ఉండదు. పదేళ్ల పాటు కష్టపడి నేర్పిన గుండీలు, లెక్కలు, నలుగురిలో కూర్చునే అలవాటు ఇంటి నాలుగు గోడల మధ్య రెండు మూడేళ్లలో కరిగిపోతాయి. ప్రజాధనంతో కట్టిన నైపుణ్యాన్ని ప్రజాధనం ఆదా పేరుతో కూల్చుకోవడం ఇది.

హాస్టళ్లు కట్టేస్తే సరిపోదా?

దీనికి తల్లిదండ్రుల నుంచే వచ్చే మొదటి అభ్యంతరం గట్టిది. పగటి కేంద్రం సాయంత్రానికి మూసేస్తారు, మేం పోయాక రాత్రి ఎవరు చూస్తారు, జిల్లాకో పెద్ద హాస్టల్ కడితే నిశ్చింత కదా అని అడుగుతారు. ఆ భయం నిజమైనది. కానీ జవాబు పెద్ద హాస్టల్ కాదని చెప్పడానికి మన దేశ అనుభవమే చాలు. ఢిల్లీలో మేధో వైకల్యం ఉన్నవారి కోసం ప్రభుత్వమే నడిపే ఆశా కిరణ్ గృహంలో సామర్థ్యానికి మించి జనాన్ని కుక్కారు. 2024 జులై ఒక్క నెలలో పదిమందికి పైగా చనిపోయారు. చండీగఢ్‌లో ప్రభుత్వ గృహంలోనే ఒక యువతిపై అత్యాచారం జరిగింది. ఆమె గర్భం గురించి 2009లో సుప్రీంకోర్టు దాకా వెళ్లాల్సి వచ్చింది. సొంతవాళ్ల కళ్లకు దూరంగా, నోరు తెరిచి చెప్పుకోలేని మనుషులను వందల సంఖ్యలో ఒకచోట పెడితే నిఘా లేని అధికారం పుడుతుంది. దాన్ని నడిపేవారు మంచివారా చెడ్డవారా అన్నది తర్వాతి విషయం. రాత్రి ఆసరా కావాలి, నిజమే. అది ఊరికి దగ్గర్లో ఆరేడుగురు కలిసి ఉండే చిన్న ఇల్లు కావచ్చు. తల్లికి ఆపరేషన్ అయినప్పుడో, ఇంట్లో పెళ్లి ఉన్నప్పుడో పది రోజులు వదిలి వెళ్లగలిగే తాత్కాలిక వసతి కావచ్చు. నేషనల్ ట్రస్ట్ పథకాల్లో ఈ రెండు నమూనాలూ ఉన్నాయి: ఘరౌందా, సమర్థ్. కొరత ఊహలో లేదు, సంఖ్యలో ఉంది. పగటి కేంద్రంలో పదేళ్లు కలిసి గడిపిన నలుగురైదుగురు రేపు అదే ఊళ్లో, తెలిసిన సిబ్బంది మధ్య కలిసి ఉండటం సులువు. ముక్కూమొహం తెలియని హాస్టల్‌కు నలభయ్యో ఏట పంపడం శిక్షతో సమానం.

రెండో అభ్యంతరం నిపుణుల గురించి. స్పీచ్ థెరపిస్టులు, ఆక్యుపేషనల్ థెరపిస్టులు నగరాల్లోనే చాలడం లేదు, మండలాలకు ఎక్కడ తెస్తారు? వాదన సబబుగానే కనిపిస్తుంది. కానీ ప్రతి పనికీ నిపుణుడే కావాలనే లెక్కమీద అది నిలబడింది. గోవాలోనూ పాకిస్థాన్‌లోని రావల్పిండిలోనూ ఆటిజం ఉన్న పిల్లల తల్లిదండ్రులకు మామూలు ఆరోగ్య కార్యకర్తలే శిక్షణ ఇచ్చారు. నిపుణులు పైనుంచి పర్యవేక్షించారు. ఆ ప్రయోగ ఫలితాలు 2016లో లాన్సెట్ సైకియాట్రీ పత్రికలో వచ్చాయి: పిల్లలతో తల్లిదండ్రులు మాట కలిపే తీరు మెరుగైంది, పిల్లలు తమంతట తాము సంభాషణ మొదలుపెట్టడం పెరిగింది. 2021లో భారత పునరావాస మండలి, మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయంతో కలిసి క్షేత్రస్థాయి కార్యకర్తల కోసం ఆరు నెలల కోర్సు మొదలుపెట్టింది కూడా. డాక్టర్లు లేరని మనం టీకాలు ఆపలేదు. ఏఎన్‌ఎంలను తయారుచేసుకున్నాం. ఇంటర్ చదివిన అమ్మాయికి ఆరు నెలల శిక్షణ, నెలకోసారి పైస్థాయి నిపుణుల పరిశీలన, ఫోన్‌లో వీడియో పెట్టి సలహా అడిగే వెసులుబాటు ఉంటే మండల కేంద్రం నడుస్తుంది. నిపుణుల సమయం కఠినమైన కేసులకు మిగులుతుంది.

ఇక డబ్బు. ఇందాకటి లెక్కలో మండలానికి అరవై మంది అనుకున్నాం. ఆంధ్రప్రదేశ్‌లో వారందరికీ 6,000 చొప్పున పింఛను వస్తోందనుకుంటే ఏడాదికి 43 లక్షల 20 వేలు. పగటి కేంద్రానికి ఒక ప్రత్యేక టీచరుకు 25 వేలు, ముగ్గురు సహాయకులకు తలా 15 వేలు, తీసుకొచ్చి దింపే ఆటోకు 30 వేలు, భోజనం, కరెంటు, సామగ్రికి 40 వేలు వేసుకుంటే నెలకు 1 లక్షా 40 వేలు, ఏడాదికి 16 లక్షల 80 వేలు. ఇది ఉజ్జాయింపే, ఊరినిబట్టి మారుతుంది. కానీ పింఛనుకు పెడుతున్న దానిలో ఐదింట రెండు వంతులు కలిపితే ఆ పింఛనుకే విలువ పెరుగుతుంది, ఎందుకంటే తల్లి మళ్లీ పనికి వెళ్లగలుగుతుంది. పింఛను కోసి కేంద్రం పెట్టమని దీని అర్థం కాదు. పేదరికం ఉన్నంతకాలం పింఛను ఉండాల్సిందే. కట్టడం ఖర్చు కూడా పెద్దగా అక్కర్లేదు. పిల్లలు తగ్గి మూతపడ్డ బడి గదులు, ఖాళీగా ఉన్న కమ్యూనిటీ హాళ్లు చాలా మండలాల్లో ఉన్నాయి.

కేరళలో ఒక పంచాయతీ చేసి చూపింది

ఇదంతా ఊహాగానమని అనుకునేవారు కేరళ వైపు చూడొచ్చు. తిరువనంతపురం జిల్లా వెంగానూర్ పంచాయతీలో 2004లో బడ్స్ పేరుతో మొదలైన ప్రత్యేక పాఠశాల ఇప్పుడు రాష్ట్రమంతా 300కు పైగా కేంద్రాలుగా విస్తరించింది. స్థానిక సంస్థలు నడుపుతాయి, కుటుంబశ్రీ మహిళా సంఘాలు అండగా ఉంటాయి. పద్దెనిమిదేళ్లలోపు వారికి బడి, ఆపై వారికి విడిగా పునరావాస కేంద్రం. సబ్బులు, కవర్లు, గొడుగులు తయారుచేస్తూ కొద్దో గొప్పో సంపాదించేవారూ వాటిలో ఉన్నారు. కేరళ పంచాయతీలకు నిధులెక్కువ, మనకు ఆ వీలు లేదనే మాట వస్తుంది. ఆ తేడా నిజమే. అయితే మహిళా సంఘాల బలంలో మనం ఎవరికీ తీసిపోం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఇందిరా క్రాంతి పథం కింద మండల వికలాంగుల సమాఖ్యలు ఏర్పడ్డాయి. కొన్నిచోట్ల ఆ సమాఖ్యలే పిల్లలకు నైబర్‌హుడ్ సెంటర్లు నడిపాయి. అనంతపురంలో రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు ఊరూరా వికలాంగుల సంఘాలు కట్టి, ప్రత్యేక పాఠశాలలూ నడుపుతోంది. మనకు విత్తనాలు లేవనలేం. ప్రభుత్వం మారినప్పుడల్లా పథకం పేరు మారి, పేరుతోపాటు పనీ పోయే అలవాటే మన జబ్బు. స్థానిక సంస్థ బడ్జెట్‌లో ఒక పద్దుగా చేరితేనే ఆ జబ్బు కుదురుతుంది.

అడిగేవారు ఎవరు?

పద్దు దానంతటది చేరదు. అడగాలి. నేషనల్ ట్రస్ట్ చట్టం దానికి ఒక తలుపు తెరిచి ఉంచింది: జిల్లా స్థానిక స్థాయి కమిటీ. జిల్లా యంత్రాంగం అధిపతి, ఒక స్వచ్ఛంద సంస్థ ప్రతినిధి, ఒక వికలాంగ వ్యక్తి అందులో ఉంటారు. కనీసం మూడు నెలలకోసారి సమావేశం కావాలని చట్టమే చెబుతోంది. పద్దెనిమిదేళ్లు దాటిన వారికి అవసరమైతే సంరక్షకులను నియమించే అధికారం దానిదే. చాలా కుటుంబాలు ఈ కమిటీ పేరు మొదటిసారి వినేది బ్యాంకు కౌంటరు దగ్గర. కొడుక్కి పద్దెనిమిది నిండాక తండ్రి సంతకం చెల్లదు, సంరక్షకత్వ పత్రం తెమ్మంటారు. అప్పుడు మొదలవుతుంది కలెక్టరేట్ చుట్టూ తిరగడం. కిందటి ఏడాది కమిటీ ఎన్నిసార్లు కూర్చుంది, ఎన్ని దరఖాస్తులు తేల్చిందని ఒక్క సమాచార హక్కు అర్జీ పెడితే చాలు, కదలిక వస్తుంది. లక్ష రూపాయల వరకు వైద్య ఖర్చులు, థెరపీలకూ వర్తించే నిరామయ బీమా ఉందని ఎందరికి తెలుసో కూడా అప్పుడే బయటపడుతుంది. 2016 చట్టం ప్రకారం ప్రతి ప్రభుత్వ సంస్థలోనూ ఫిర్యాదుల అధికారి ఉండాలి, రాష్ట్రంలో వికలాంగుల కమిషనర్ ఉండాలి. ఈ పదవులను పనిలో పెట్టగలిగేది సంఘటితమైన కుటుంబాలే. దేశవ్యాప్త తల్లిదండ్రుల సంఘాల సమాఖ్య ‘పరివార్’ 1995 నుంచి ఉంది. జిల్లా కేంద్రం దాటి మండలానికి వచ్చేసరికి అలాంటి సంఘం కనబడదు.

తల్లిదండ్రుల సంఘం అంటే మరో చిక్కు ఎదురవుతుంది. తల్లిదండ్రులకు కావాల్సిందీ ఆ మనిషికి కావాల్సిందీ ఎప్పుడూ ఒకటే కాదు. వాళ్లు భద్రత అడుగుతారు, ఆ యువకుడికి బస్సెక్కి సంతకు వెళ్లాలని ఉండొచ్చు. వాళ్లు హాస్టల్ అడుగుతారు, ఆమెకు తన వీధి వదలాలని ఉండకపోవచ్చు. చండీగఢ్ కేసులో హైకోర్టు ఆ యువతి గర్భం తీసేయమంది. స్వల్ప మేధో వైకల్యం ఉన్నంత మాత్రాన ఆమె సమ్మతిని పక్కన పెట్టలేమని, ఆమె బిడ్డను కనాలనుకుంటోందని సుప్రీంకోర్టు ఆ తీర్పును పక్కనపెట్టింది. 2016 చట్టం కూడా సంరక్షకుడు సర్వాధికారి కాదనీ, ఇద్దరూ కలిసి నిర్ణయం తీసుకోవాలనీ పరిమిత సంరక్షకత్వాన్ని నిర్వచించింది. కాబట్టి పగటి కేంద్రాల నిర్వహణ కమిటీలో అక్కడికి వచ్చేవాళ్లలో ఇద్దరు ముగ్గురికి కుర్చీ ఉండాలి. మాట రానివారు బొమ్మల కార్డులతో చెబుతారు, వేలితో చూపిస్తారు, నచ్చకపోతే లేచి వెళ్లిపోతారు. ఆ లేచి వెళ్లిపోవడాన్ని కూడా ఓటుగా లెక్కపెట్టే సిబ్బంది కావాలి. అది నేర్చుకోవడం కష్టమే. తెలియదు కదా అని వాళ్ల తరఫున మనమే నిర్ణయించేయడం మాత్రం పాత పెత్తనం కిందికే వస్తుంది.

అడగాల్సింది పెద్ద జాబితా కాదు. మండలానికో పగటి కేంద్రం, దానికి వయసు పరిమితి ఉండకూడదు. ఇప్పుడున్న భవితను పద్దెనిమిది దగ్గర ఆపకుండా పొడిగిస్తే సగం పని అయినట్టే. శిక్షణ పొందిన క్షేత్ర కార్యకర్త ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఒకరు. నియోజకవర్గానికో తాత్కాలిక వసతి. పంచాయతీ, మున్సిపల్ బడ్జెట్లలో ఇందుకో పద్దు. సదరం క్యాంపులో వైకల్యం ఎంత శాతమని తేల్చడంతో ఆగకుండా ఆ మనిషికి ఏ సాయం కావాలో రాసే ఒక పేజీ. ఇవి గ్రామసభలో అడగొచ్చు, వార్డు సభలో అడగొచ్చు, స్థానిక ఎన్నికల్లో ఓటడగడానికి వచ్చిన ప్రతి అభ్యర్థినీ నిలదీయొచ్చు. పింఛను ఎంత పెంచుతామన్నదానిపై పార్టీలు పోటీ పడ్డాయి కాబట్టే అది వందల నుంచి వేలకు పెరిగింది. పగటి కేంద్రం ఇంటికి ఎంత దూరంలో పెడతారన్నదానిపైనా అవి పోటీ పడక తప్పని పరిస్థితి తేగలిగితే చట్టంలోని ఐదో సెక్షన్ మండలం దాకా నడిచి వస్తుంది. మండలానికి అరవై కుటుంబాలంటే స్థానిక ఎన్నికల్లో గెలుపోటములు తేల్చడానికి అది చిన్న సంఖ్యేమీ కాదు. ఆ బలం వాళ్లకు తెలిసిరావాలంటే ముందు ఆ అరవై కుటుంబాలు ఒకరికొకరు తెలియాలి. పని అక్కడ మొదలుపెట్టాలి.